కాటా మీద శనివారాలు

ఏ డైటండీ టీచర్ గారూ, ఇంత తగ్గిపోయారు, అని చాన్నాళ్లకు బస్సులో కలిసిన పక్కూరి పంతులమ్మ హనుమాయమ్మ అడిగింది, ఏం చెబుతుంది రెబ్కా, మా ఆయన పోయి రెండు నెలలైంది, అన్నం సయించడం లేదు అంటే ఆ పిచ్చితల్లి చిలకలూరిపేట దాకా ఏడుస్తుంది, అందుకని కొర్రలండీ అంది, కొర్రలా, కొర్రలతో నాలుగు నెలలకి తను తగ్గింది రెండు కిలోలు, ఆయన అన్నం మానేసి నూనెలూ సూపులూ పట్టి పద్దెనిమిది తగ్గాడు, ఇద్దరూ తొంభై కిలోలు దాటినవాళ్లే, ఏ పద్ధతైనా పర్లేదు, విడవకుండా చెయ్యండి అని డాక్టరు అంటే పందెం వేసుకున్నారు.

ప్రసన్నకుమార్ మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో కాటా గుమాస్తా, శనివారం శనివారం బస్తాలు తూచే కాటా మీద ముందు ఆవిణ్ణి ఎక్కించి, చీరకి గోనెసంచి తరుగు తీసెయ్యనా అని ఏడిపించేవాడు, తర్వాత తనెక్కేవాడు, అంకె చూసేవాడు కాదు, ఆవిడ ముఖం చూసేవాడు, ఆవిడకి ఒళ్లు మండేది, నేను నమిలి నమిలి చస్తుంటే మీకేంటండీ, సూపు తాగి కూర్చుంటే తగ్గిపోతున్నారు, తాగితే హాయిగా దిగుతుందే రెబ్కా అనేవాడు, దిగుతుంది అన్నాడు, ఆ మాట చెవిన పడలేదా, ఆయన చర్చిలో లేచి దేవుడు నా భారం తగ్గించాడని సాక్ష్యం చెబితే అందరికంటే గట్టిగా స్తోత్రం అన్నది ఆవిడే, చొక్కాలు బిగుతు చేయించింది ఆవిడే, క్రిస్మస్ కేకు నోటిదాకా తెచ్చి పక్కన పెట్టేస్తే ఎంత నిష్ఠో అని మురిసిందీ ఆవిడే, అన్నవాహికలో గడ్డమ్మా, చాలా ఆలస్యం చేశారు అని గుంటూరులో డాక్టరు చెప్పేదాకా, జనవరి దాటలేదు మనిషి.

బస్సు పక్కన కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఎండుతున్నాయి, ఆ ఘాటుకి హనుమాయమ్మ తుమ్మి, ఇంతకీ కొర్రలా, ఆ నూనెల డైటా, రెండింట్లో ఏది మంచిదంటారు అంటోంది, బస్తా కిలో తగ్గినా ఆయన ఊరుకునేవాడు కాదు, కుట్లు విప్పించి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసేవాడు, ఊరికే తగ్గదే, లోపలేదో తినేస్తూ ఉంటుంది అనేవాడు, అలాంటి మనిషికి తన సంగతి తెలియదా, తెలుసు, తెలిసి చెప్పడానికి భయపడ్డాడు, ప్రతి శనివారం కాటా మీద నిలబడి ఆవిడ ముఖంలోకి చూసింది గెలిచానని చెప్పడానికి కాదు, ఏమైందండీ మీకు అని ఆవిడే అడుగుతుందేమోనని.