ఆరో పేజీ నాలుక

“ఇదిగో, చేతులు తుడుచుకుని ఇది కాస్త నోట్లో వేసుకో. తొందరగా చెప్పు, మధ్యాహ్నానికి పేజీ వెళ్ళిపోవాలి.”

ప్రతి బుధవారం భర్త మాట ఇదే. అతను భోజనశాల నుంచి మూతపెట్టి తెచ్చిన డబ్బా అంట్లు తోమే తొట్టి పక్కన పెడతాడు. ఆమె సబ్బు చేతులు గుడ్డకి తుడుచుకుని, నిలబడే ఒక చెంచా తింటుంది. కళ్ళు మూసుకుంటుంది. అప్పుడు మాటలు వాటంతటవే వస్తాయి. “ఉల్లిపాయని తొందరపెట్టారు. ఇంకో రెండు నిమిషాలు ఓపిక పట్టుంటే అదే తీపెక్కేది. మిరియాలు దంచి వేశారు, పొడి కొని వెయ్యలేదు. మంచి చెయ్యే, కానీ ఇవాళ ఎవరిమీదో కోపంగా ఉంది.” అతను పెన్సిలు పట్టుకుని, “మెల్లగా, మెల్లగా” అంటూ రాసుకుంటాడు. ఆదివారం ఊరి వారపత్రిక ఆరో పేజీలో ‘రుచి చూశాం’ శీర్షిక కింద ఆ మాటలే వస్తాయి. పైన అతని ఫొటో, కింద అతని పేరు.

రెండేళ్ళ కిందట వచ్చిన జ్వరం అతని ముక్కుని తీసుకుపోయింది. వాసన పోయింది, వాసనతోపాటు రుచీ పోయింది. “ఎవరికీ చెప్పకు. తెలిస్తే నన్నెవరు ఉంచుకుంటారు?” అని పిల్లాడిలా ఏడిస్తే ఆమెకి జాలేసింది. సరేనంది. మొదటిసారి తన మాటలు అచ్చులో చూసుకున్నప్పుడు, తల దువ్వి బడికి పంపిన పిల్లని దూరం నుంచి చూసినంత సంతోషం వేసింది. తర్వాత తర్వాత ఆ పిల్ల పక్కింటివాళ్ళని అమ్మా అని పిలుస్తున్నట్టు ఉండేది. స్నేహితులు ఇంటికొచ్చి, “మీ ఆవిడ కూడా రుచులు బాగా చెబుతుందా?” అని అడిగితే, “మా ఆవిడా? ఉప్పు ఎక్కువైందా, తక్కువైందా, అంతవరకే” అని నవ్వేవాడు. ఆమె టీలు అందించి లోపలికి వచ్చేది. ఇప్పుడు నువ్వు తాగుతున్న టీలో పంచదార వేశానో లేదో నువ్వు చెప్పగలవా, అని గిన్నెలతో అనేది. హాల్లోంచి అత్తగారి గొంతు వినిపించేది. “మావాడి నాలుక వాళ్ళ తాతది.”

ఈలోగా చెల్లెలికి పాప పుట్టింది. ఎనిమిది రోజులు వెళ్ళొస్తానంది ఆమె. “ఒక్క వారమేగా, నేను చూసుకుంటాలే” అన్నాడు అతను. ఆ ఎనిమిది రోజులూ ఆమె పాప తల వాసన చూస్తూ గడిపింది. ఆ వాసనకీ మాటలు వచ్చాయి, రాసుకోవడానికి ఎవరూ లేరు.

ఆదివారం బస్సులో తిరిగి వస్తుంటే, పక్క సీటులో మెడలోంచి కొలతల టేపు తీయడం మరిచిపోయిన దర్జీ ఒకామె పేపరు చదువుతూ భుజాలు కదిలిపోయేలా నవ్వుతోంది. నవ్వు ఆగక పేపరు ఈమె ఒళ్ళో పెట్టింది. “మూడో పేజీ చదివి, ఆరో పేజీ చదవండి.”

మూడో పేజీలో వింత వార్తలు. మంగళవారం పొద్దున స్టేషన్ వీధి భోజనశాల గుమ్మానికి తేనెటీగల గుంపు పట్టిందట. వంటవాళ్ళు వెనక గోడ దూకి బయటపడ్డారట. రోజంతా పొయ్యి వెలగలేదట. సాయంత్రం ఒక ముసలాయన వచ్చి, వాటితో కబుర్లు చెబుతూ గోనెసంచిలోకి ఎక్కించుకుపోయాడట. రాసిన అమ్మాయి ఎదుటి గోడ పక్కన నిలబడి అంతా చూసిందట, గుమ్మం ఫొటో కూడా వేశారు.

ఆరో పేజీలో భర్త ఫొటో. ‘మంగళవారం మధ్యాహ్నం స్టేషన్ వీధి భోజనశాలకు వెళ్ళాం. గుమ్మంలోనే ఆత్మీయ స్వాగతం. లోపల ఎంతో ప్రశాంతత. పొగలు కక్కే సూపు.’

ఆమెకీ నవ్వు ఆగలేదు. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వుతుంటే కండక్టరు వెనక్కి తిరిగి చూశాడు. అప్పుడు ఆమె కళ్ళు కింది వాక్యం మీద పడ్డాయి. ‘రొట్టె అంచు విరిస్తే ఎండుటాకు మీద అడుగు వేసినట్టు వినిపించింది.’ అది ఆమె మాట. పోయిన చలికాలం వంతెన అవతలి బేకరీ రొట్టె గురించి చెప్పింది. నిజంగా విని చెప్పింది. ఇప్పుడు దాన్ని తీసుకొచ్చి, అసలు కాల్చని రొట్టెకి అంటించాడు.

“నాకు బాధేంటో తెలుసా అండీ, ఈ పేజీ నేను నమ్మేదాన్ని” అంది దర్జీ ఆమె, కళ్ళు తుడుచుకుంటూ. “ఫొటో మగాయనదే కానీ, రాసే మనిషి పొయ్యి దగ్గర నిలబడిన మనిషని నాకెప్పుడూ అనిపించేది. కూర్చుని తినేవాళ్ళకి ఉల్లిపాయ తొందర ఏం తెలుస్తుంది?”

ఆమె కిటికీ వైపు తిరిగింది. ఎవరో చీకట్లో పేరు పెట్టి పిలిచినట్టయింది. దిగేదాకా గుండె దడదడలాడుతూనే ఉంది. అందులో భయం ఎంతో, సంతోషం ఎంతో ఆమెకే తెలియలేదు.

గుమ్మంలో భర్త ఎదురొచ్చి సంచి అందుకున్నాడు. పెళ్ళయ్యాక అతను ఆమె సంచి అందుకోవడం అదే మొదటిసారి. “లోపల ఎడిటరు గారున్నారు” అన్నాడు గుసగుసగా. “మనిద్దరం మంగళవారం అక్కడ తిన్నామని చెప్పు. తేనెటీగలు సోమవారం వచ్చాయని, ఆ మూడో పేజీ అమ్మాయే రోజు తప్పు రాసిందని ఆయనతో అన్నాను. కొత్తగా చేరిన పిల్ల, సర్దుకుంటుంది.”

“ఆ అమ్మాయి గోడ పక్కన నిలబడి చూసి రాసిందండీ.”

“అబ్బా, ఇప్పుడు నిజాలు ఎవరికి కావాలే? నా పరువు చూడు.”

హాల్లో ఎడిటరు రెండు పేజీలూ బల్ల మీద పరుచుకుని కూర్చున్నాడు. పక్క కుర్చీలో అత్తగారు బఠాణీలు ఒలుస్తోంది. “రామ్మా. నాకు ఒక్కటే కావాలి. ఇందులో ఏది అబద్ధం? రేపు ఎవరో ఒకరు క్షమాపణ రాయాలి. మీవారు అన్నట్టయితే ఆ అమ్మాయిని పంపించేయాలి.”

ఆమె ఇంకా చెప్పులు కూడా విప్పలేదు. ఇరవయ్యేళ్ళు కూడా నిండని ఒక పిల్ల, కుట్టించుకోవడానికి సిద్ధపడి తేనెటీగల ఎదుట నిలబడి రాసింది. తను మాత్రం ఇంట్లో తొట్టి దగ్గర చెప్పి, తొట్టి దగ్గరే ఊరుకుంది. బస్సులో మొదలైన దడ ఒక్కసారిగా అణిగిపోయింది.

“నేను ఎనిమిది రోజులుగా ఊళ్ళో లేనండీ. అందుకే ఈ వారం ఇలా వచ్చింది. నేనుంటే చల్లారిన డబ్బాలోదైనా తిని చెప్పేదాన్ని. రెండేళ్ళుగా చెప్పేది నేనే.”

“తమాషాకి అంటోంది సార్” అన్నాడు భర్త.

“తమాషా ఏంట్రా?” అత్తగారు తలెత్తకుండా బఠాణీ కాయ విరిచింది. “పోయిన నెల విరిగిన పాలు ఇస్తే లొట్టలేసుకుంటూ తాగావు. అప్పుడే తెలిసింది నాకు. ప్రతి ఆదివారం ఆ పేజీలో ఉండేది మా కోడలి మాటే బాబూ. నాకు కూర బాలేదని చెప్పేటప్పుడు కూడా ఇంత చక్కగానే చెబుతుంది.”

“మరి ఇన్నాళ్ళూ మావాడి నాలుక, మావాడి నాలుక అన్నారు కదత్తయ్యా?” అంది ఆమె నవ్వుతూ.

“కొడుకుని పొగడటం అలవాటైపోయింది. నిన్ను పొగడటం ఎవరూ నేర్పలేదు.”

ఎడిటరు మూడో పేజీ మడిచి పక్కన పెట్టాడు. “అయితే మీరే రాయండమ్మా. పేరు మాత్రం ఆయనదే ఉంచుదాం, పాఠకులకి అలవాటు.”

“పాఠకులకి తెలుసండీ. బస్సులో ఒకావిడ చెప్పింది. పేరు నాదే వేయండి. ఫొటో అక్కర్లేదు.”

ఆయన తల ఊపాడు. భర్త కుర్చీలో కూలబడ్డాడు. “మరి నేనేం చెయ్యను?”

“ఆ ఈగలవీ దోమలవీ వార్తలు రాయరా” అంది అత్తగారు. “వాటికి ముక్కుతో పనిలేదు. ఆ పిల్ల వెంట నడు, నేర్పిస్తుంది.”

బుధవారం ఆమె స్టేషన్ వీధి భోజనశాలకి ఒక్కతే వెళ్ళి, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంది. సంచిలో కొత్త పుస్తకం, చెక్కిన పెన్సిలు. సూపు వచ్చింది, వేడికి చెంచా పట్టుకోవడమే కష్టమైంది. రొట్టె వచ్చింది, చేప వచ్చింది. ఎవరూ తొందరపెట్టలేదు. ఎవరూ మెల్లగా చెప్పమనలేదు. ఆఖరి రొట్టె ముక్కతో గిన్నె అడుగంతా తుడిచి తిన్నాక గాని, రాయడానికి ఒక్క మాటైనా గుర్తుపెట్టుకోలేదని ఆమెకి తట్టలేదు. పుస్తకం సంచిలోంచి తీయనే లేదు. వడ్డించే మనిషిని పిలిచి, మళ్ళీ మొదటినుంచీ అన్నీ తెమ్మంది.