సర్దని బల్ల

రొట్టె మీద చాక్లెట్ పలుకులు చల్లుకోవడం రూలోఫ్‌కి చిన్నప్పటి అలవాటు. సగం రొట్టె మీద పడతాయి, సగం బల్ల మీద. బల్ల మీద పడ్డవి ఆల్కెవి. ఇరవై రెండేళ్లుగా భార్యాభర్తల మధ్య ఈ పంపకంలో తేడా రాలేదు. ఆయన లేచాక ఆమె వాటిని అరచేత్తో ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి, కిటికీలోంచి వీధిలోకి చూస్తుంది. హాలండ్‌లోని ఈ హార్లెమ్ ఊళ్లో ముందుగది కిటికీకి తెర వేసుకుంటే ఏదో దాస్తున్నారనుకుంటారు. "వీధిలోంచి ముందు కనబడేది నీ బల్లేనమ్మాయ్" అని పెళ్లైన వారానికే అత్తగారు చెప్పింది. ఆ మాట కొడుక్కి కూడా చెప్పి ఉంటే పలుకులు కాస్త తగ్గేవి.

గురువారాలు ఆల్కె తైలవర్ణాల క్లాసుకి వెళుతోంది. నాలుగు వందల ఏళ్ల కిందట ఆ ఊళ్లోనే ఎవరో వేసిన ఫలహారపు బల్ల బొమ్మకి నకలు దించాలి. సగం ఒలిచిన నిమ్మకాయ, అంచు మీంచి వేలాడే తొక్క, ఒరిగిపోయిన వెండి గిన్నె, నలిగిన తెల్లగుడ్డ, చుట్టూ రొట్టె పొడి. ఉన్నదున్నట్టు దించినవాళ్లకే పై తరగతి. అక్కడ ఎవరి బొమ్మ వాళ్లు వేసుకోవచ్చు. ఆల్కెకి కావలసింది అదొక్కటే. రెండు కాన్వాసులు ఇప్పటికే తప్పాయి. "ఇంకా ఆ నిమ్మకాయేనా? సంతలో అయితే నిమిషంలో కొనుక్కోవచ్చు" అంటాడు రూలోఫ్. "పోన్లేరా, దానికీ ఏదో కాలక్షేపం ఉండాలిగా" అంటుంది అత్తగారు, టర్పెంటైన్ వాసనకి ముక్కు మూసుకుని.

మూడో కాన్వాసు ముందు ఫెన్నా టీచరు చాలాసేపు నిలబడింది.

"నిమ్మకాయ చూస్తే నోరూరుతోంది ఆల్కె. కానీ బల్లెవరు తుడిచారు?"

ఆల్కె అసలు బొమ్మ వైపు చూసి, తన దాని వైపు చూసింది. తన బల్ల మీద ఒక్క పొడి రేణువు లేదు. గుడ్డ ఇస్త్రీ చేసినట్టుంది. ఒరిగిన గిన్నె కూడా బుద్ధిగా లేచి నిలబడింది.

"మొదటి రెండూ ఇంతే. నువ్వే కనిపెడతావని ఊరుకున్నా" అంది ఫెన్నా. "వచ్చే గురువారానికి ఆ చెత్తంతా తిరిగి పోసుకురా."

పక్క పీట మీద బొమ్మ వేసుకుంటున్న ముసలి బారెండ్, "ఒకసారి మా ఇంటికీ రామ్మా, వంటిల్లు అధ్వానంగా ఉంది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆల్కె కూడా నవ్వింది. సైకిలెక్కాక ఆ నవ్వు ఆగిపోయింది. నాలుగు వందల ఏళ్లు ఎవరూ ముట్టుకోని బల్ల! ఎవరో తిన్నారు, లేచి వెళ్లిపోయారు. దాన్ని కూడా తనే సర్దేసింది, ఎవరూ అడక్కుండానే. రూలోఫ్ మీద కోపం పాతది, అలవాటైంది. ఈ కోపం తన చేతి మీద.

శుక్రవారం, శనివారం ప్రయత్నించింది. నాలుగు చుక్కలు పెట్టడం, అవి మరకల్లా కనిపించడం, గుడ్డతో తుడిచెయ్యడం.

ఆదివారం రూలోఫ్ తిని లేచాడు. ఆల్కె చెయ్యి మామూలుగానే ముందుకు వచ్చింది. దాన్ని వెనక్కి తీసుకుని, కాన్వాసు తెచ్చి బల్ల ఎదురుగా నిలబెట్టింది.

"అమ్మ పదిన్నరకి కాఫీకి వస్తుంది. బల్ల సర్దలేదేం?"

"ముట్టుకోకు, చూసి వేస్తున్నా."

"ఏమిటి చూసేది, పలుకులా?"

పలుకులే. కిటికీ వెలుగులో ఒక్కోదానికీ ఓ పక్క మెరుపు, ఓ పక్క బుల్లి నీడ. నీడ వెయ్యకపోబట్టే తనవి మరకల్లా ఉన్నాయి. ఇన్నేళ్లూ తుడిచింది కానీ, ఎప్పుడు చూసింది గనక? ముందు నీడ పెట్టి, దాని పక్కన చుక్క పెట్టింది. చుక్క బొమ్మలోని బల్ల మీద పొడి రేణువులా కూర్చుంది.

కిటికీ అవతల అత్తగారి నీలం కోటు ఆగింది. లోపలికి వస్తూనే, "వీధంతా చూస్తోందమ్మాయ్! ఎప్పుడు ఎత్తుతావ్ ఇదంతా?" అంది.

"ఈ బొమ్మ అయ్యాక మన ఈ బల్లనే వేస్తా అత్తయ్యా" అంది ఆల్కె, కుంచె ఆపకుండా. "కాఫీ రూలోఫ్ పెడతాడు. కప్పులు మాత్రం ఒళ్లో పెట్టుకోండి."