నొక్కొద్దన్న స్విచ్చు

మనీప్లాంటు చచ్చిపోతోందని తెలియగానే బంధువుల్లో సగం మంది డాక్టర్లైపోయారు. పిన్ని ఫోన్లోనే టీ పిప్పి వెయ్యమంది. బాబాయి స్వయంగా వచ్చాడు. ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చినవాడిలా కళ్లజోడు తీసి, "లాభం లేదొదినా, పీకేద్దాం" అన్నాడు. ఆయనింట్లో ప్లాస్టిక్ పువ్వులు కూడా వాడిపోయాయి.

"పీకేదేంటి! మీ అన్నయ్య పెంచిన తీగ అది," అంది అమ్మ. వంటింట్లోకెళ్లి కుళాయి తిప్పింది. ఏడుపు వినపడకుండా ఆవిడ పద్ధతి అది.

కూతురికి పిచ్చుక అని ముద్దుపేరు పెట్టింది నాన్నే. ఆయన పోయాక ఆ పేరుతో పిలవడానికి అమ్మకి నోరు రావడం లేదు.

తీగని నాన్న మేకులూ దారాలూ పెట్టి హాలు చుట్టూ తిప్పాడు. కిటికీ దగ్గర మొదలై, గడియారం మీదుగా, తలుపు మీదుగా పాకింది. ఇంకాస్త వదిలితే పక్కింటికెళ్లి టీవీ చూసేది. ఇప్పుడు ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి. కొత్తవి గోరంత. ఆకుకీ ఆకుకీ మధ్య జానెడు బోసి కాడ.

పిచ్చుక మట్టిలో వేలు పెట్టింది. బాగా తడి. ఒక వేరు బయటికి లాగి చూసింది. తెల్లగా, గట్టిగా ఉంది. కుళ్లు వాసన లేదు. అయితే బతుకుతుంది. మరి రోగమేంటి? అప్పుడు గమనించింది: కొత్త ఆకులన్నీ మూసిన కర్టెన్ అంచున సన్నటి వెలుగు గీత వైపే మొహాలు తిప్పుకున్నాయి.

"అమ్మా, దీనికి వెలుతురు లేదు. వెలుతురు లేకపోతే నీళ్లూ తాగదు, నువ్వేమో పోస్తూనే ఉన్నావు. ఆ కర్టెన్ తియ్యవేంటి?"

"ఎండొస్తుంది."

"రావాలనే కదా!"

అమ్మ కిటికీకి ఎదుటి గోడ మీది స్విచ్చుబోర్డు వైపు చూసింది.

బోర్డు మీద నాన్న స్కెచ్ పెన్నుతో రాసిన అక్షరాలు, చీమలు సిరాలో స్నానం చేసి పారిపోయినట్టు. ఫ్యాను. లైటు. వరండా. చివరి స్విచ్చుకి అసలు వైరే లేదు. దాని కింద 'నొక్కొద్దు' అని ఉంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ముందు దాన్నే నొక్కేవారు. బాబాయైతే నొక్కి, పారిపోయి మెట్ల మీద దాక్కున్నాడు. ఏటా ఎండకి అక్షరాలు వెలిసిపోయేవి. ఏటా నాన్న మళ్లీ దిద్దేవాడు.

"కర్టెన్ తీస్తే అవి పోతాయి," అంది అమ్మ. "తియ్యకపోతే ఇది పోతుంది. కదిపితే తెగుతుంది. రెండూ ఆయనవే. నన్నేం చెయ్యమంటావు?"

"అక్షరాల మీద అట్ట అంటించేద్దాం వదినా."

"కనపడకుండా దాచుకోవడానికా?"

బాబాయి మళ్లీ కళ్లజోడు పెట్టుకుని, కేసు వదిలేసిన డాక్టరులా పక్కకి జరిగాడు.

పిచ్చుక సొరుగులోంచి నీలం పెన్ను తెచ్చి అమ్మ చేతికిచ్చింది. అమ్మ బోర్డు దాకా వెళ్లి ఆగిపోయింది.

"నాది గుండ్రటి రాత. నేను దిద్దితే ఆయనది ఉండదు."

ఇంకో ఆకు రాలి బాబాయి చెప్పు మీద పడింది. అమ్మ దాన్ని చూసింది. తర్వాత కూతురి చేతివేళ్లు చూసింది.

"నీది ఆయన రాతే. బళ్లో దానికెన్ని తిట్లు తిన్నావో. దిద్దు పిచ్చుకా."

పిచ్చుకకి కాసేపు అక్షరాలు సరిగ్గా కనపడలేదు. ఫ్యాను. లైటు. వరండా. నొక్కొద్దు. చీమలు మళ్లీ సిరాలో మునిగాయి.

అమ్మ కిటికీ దగ్గరికెళ్లి కర్టెన్ పూర్తిగా లాగేసింది.

"మొత్తం బతుకుతుందా?"

"బోసి కాడలు కోసెయ్యాలమ్మా. మొదలు బాగానే ఉంది. మళ్లీ గడియారం దాకా రావాలంటే చాలా టైం పడుతుంది."

"పట్టనీ."

బాబాయి బోర్డు ముందుకొచ్చి చివరి స్విచ్చు నొక్కాడు. ఏమీ కాలేదు. ఈసారి పారిపోలేదు. వేలు మాత్రం చాలాసేపు తియ్యలేదు.