అరవై ఒకటో రోజు

కుక్కర్ కూత వేస్తుండగా ఊళ్లోని మహిళా సంఘం నుంచి నర్సింహమ్మ రోజూలాగే ఫోన్ చేసింది. "నిన్న పగటి ఎండ ముప్పై రెండు, తెల్లారగట్ల పదిహేడు, బిడ్డా."

నవనీత చేతిపిండి కొంగుకు తుడుచుకుని లెక్క వేసింది. రెండూ కలిపి సగం చేస్తే ఇరవై నాలుగున్నర. మొక్కజొన్న పెరగడానికి అక్కరకురాని పది డిగ్రీలు తీసేస్తే పద్నాలుగున్నర. విత్తిన నాటి నుంచి ఇలా రోజూ పోగైన వేడే పైరు అసలు వయసు. వ్యవసాయ డిగ్రీ చదివిన ఆమెకు ఇదేమంత కష్టం కాదు. అయితే రెండేళ్లుగా ఆ లెక్క భర్త అవినాష్ పేరు మీదే నారాయణగూడలోని అతని రైతు సలహాల ఆఫీసుకు వెళ్తోంది. "ఇంట్ల ఉత్తగనే ఉంటవ్ గద, జర చూసిపెట్టు" అన్నాడు మొదట్లో. వంట, బట్టలు, అత్తగారి మందులు, ఆపైన పన్నెండు ఊళ్ల ఎండ లెక్క. ఇదంతా ఉత్తగా ఉండడమే! ప్రమోషన్ వచ్చిన రోజు చిక్కడపల్లిలో మిఠాయి కొనుక్కొచ్చి, "చూసినవా నా దిమాక్?" అన్నాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఆమెకు తన మీదే కోపం.

ఈసారి చలికాలంలో చలే లేదు, వేడి తొందరగా పోగైంది. "కంకి పీచు అరవై ఒకటో రోజుకే వస్తది. మీరేమో డెబ్బై అని రాసిన్రు. మార్చుండ్రి" అంది అవినాష్‌తో.

"ఏటా డెబ్బయ్యే. ఆఫీసుల పెద్దసార్‌తోని లొల్లి నాకెందుకు? నువ్వు లెక్క చెయ్, సలహా నేనిస్త."

బావుల్లో ఒక్క తడికే నీళ్లున్నాయి. పీచు వేసే వేళ అది అందకపోతే కంకిలో గింజ పట్టదు. ఆ పూటే నవనీత పన్నెండు ఊళ్ల మహిళా సంఘాలకూ ఫోన్లు చేసింది. మొదటి ఫోన్ నర్సింహమ్మకే.

"అమ్మా, ఇది ఆఫీసు మాట కాదు, నా మాట. ఎల్లుండికే అరవై ఒకటో రోజు, ఆనాడే నీళ్లు పెట్టుండ్రి."

"లెక్క అవినాష్ సార్‌ది గాదా?"

"నాదే." ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు.

"గట్లయితే పెడతం."

తొమ్మిది ఊళ్లు ఆమెను నమ్మాయి. మూడు ఊళ్లు డెబ్బయ్యో రోజు దాకా ఆగాయి. కోతనాడు తొమ్మిది ఊళ్ల కంకులు కొసదాకా నిండాయి, ఆగిన ఊళ్ల కంకులు సగం దాకా బోసిపోయాయి. నర్సింహమ్మ బస్సెక్కి అశోక్‌నగర్‌లోని వాళ్లింటికి వచ్చి, వాకిట్లోంచే "లెక్కల బిడ్డ ఏది?" అని కేకేసింది. అత్తగారూ అవినాషూ చూస్తుండగానే నవనీతను గట్టిగా కావలించుకుంది.

నర్సింహమ్మ వెళ్లాక అవినాష్ గొంతు తగ్గించాడు. "వానాకాలం పంట అంచనా లెక్క పెద్దసార్ నన్నే చెయ్యమన్నడు. ఎప్పుడిస్తవ్?"

"ఇచ్చేసిన" అంది నవనీత. "సంఘాలకు. నా పేరు మీద."