పదకొండో మాట

లాండ్రీలో వదిన ఇస్త్రీ చేస్తుంది, ఆడపడుచు కౌంటర్ చూసుకుంటుంది. ఆ ఉదయం కళ్లజోళ్ల దుకాణం ఆయన కోటు లోపలి జేబులో వదినకు ఒక అట్టముక్క దొరికింది. దానిమీద వరస అంకెలు వేసి పన్నెండు ఇంగ్లిషు మాటలు. నది, గొడుగు, ఉల్లిపాయ... ఒకదానికొకటి పొంతన లేదు. ఆడపడుచు ఊరుకోలేక ఫొటో తీసి, "ఇదేంటో ఎవరికైనా తెలుసా?" అని వీధి గ్రూపులో పెట్టేసింది.

అరగంటకల్లా ఆయన రొప్పుకుంటూ వచ్చాడు. అట్టముక్క చేతికందాక గానీ ఊపిరి తీసుకోలేదు.

"ఎవరూ చూడలేదు కదమ్మా?"

వదిన ఆడపడుచువైపు చూసింది. చూడలేదంటే ఆయన హాయిగా వెళ్లిపోతాడు.

"చూశారండి. తెలీక ఫొటో గ్రూపులో పెట్టాం."

"నేను దాచుకున్న డబ్బుకి తాళంచెవి అదేనమ్మా," అంటూ ఆయన ఉతకాల్సిన మూటమీదే కూలబడి ఫోన్ తీశాడు. ఆడపడుచు గబగబా ఫొటో చెరిపేసింది. అప్పటికే పదకొండుమంది చూశారు.

"బ్యాంకుకి ఫోన్ చేసి ఆపమనండి," అంది.

"దీనికి బ్యాంకు లేదమ్మా. క్రిప్టో అంటారు, కంప్యూటర్లలోనే ఉండే డబ్బు. ఈ పన్నెండు మాటలూ వరసగా ఎవరికి తెలిస్తే డబ్బు వాళ్ల చేతిలోకి పోతుంది. పోతే వెనక్కి తెచ్చేవాడు లేడు. ఫోన్‌లో కొత్త వాలెట్, అంటే వేరే డబ్బు ఖాతా లాంటిది, తెరిచి అందులోకి మార్చెయ్యాలి. దాని పన్నెండు మాటలు రాసుకోవాలి, మీరిద్దరూ కాస్త గోడవైపు తిరగండి."

తిరిగారు. వెనక కలం గీరుతున్న చప్పుడు.

"ఇక చూడొచ్చు. ఇది కొత్త వాలెట్ చిరునామా, ఎవరు చూసినా ఫరవాలేదు. ఒక్క అక్షరం తేడా ఉన్నా అంతే సంగతులు. నాతోపాటు సరిచూడండి."

వదిన అక్షరం అక్షరం చదివింది. ఆయన పంపే బొత్తాం నొక్కాడు.

"అయిపోయిందా?"

"ఇంకా లేదు. ఎక్కడెక్కడో ఉన్న వేల కంప్యూటర్లు దీన్ని తమ చిట్టాల్లో ఎక్కించుకోవాలి. పది నిమిషాలు పట్టొచ్చు, ఎక్కువైనా పట్టొచ్చు."

వదిన ఇస్త్రీపెట్టె తీసి పక్కన పెట్టింది. అంతలో ఆడపడుచు ఫోన్ మోగింది. తెలియని నంబరు నుంచి మెసేజ్: "పదకొండో మాట సరిగ్గా కనబడలేదు. ఇంకో ఫొటో పంపుతారా?"

"ఒక్క మాటే కదండీ, అది లేకుండా ఏం చేస్తాడు?" అంది వదిన.

"ఆ ఒక్కటీ కంప్యూటర్ వెతికి పట్టేస్తుందమ్మా."

పన్నెండో నిమిషంలో ఆయన ఫోన్ చిన్నగా మోగింది. డబ్బు కొత్త వాలెట్‌కు చేరింది. ఆడపడుచు కౌంటర్‌మీద తల వాల్చి ఏడ్చేసింది.

"ఊరుకో తల్లీ. మీ వదిన ఎవరూ చూడలేదని చెప్పుంటే నేనీపాటికి ఏమీ తెలీక దుకాణంలో అద్దాలు తుడుచుకుంటూ ఉండేవాణ్ణి," అన్నాడాయన.

లేవబోతూ పాత వాలెట్ మరోసారి తెరిచాడు. కంగారులో అందులో వదిలేసిన కొంచెం చిల్లర ఎవరో లాగేస్తే కళ్లముందే సున్నా అయింది.

వదిన ఆ నంబరున్న మెసేజ్ ఆయనకు చూపించింది. "మన వీధివాడేనా అండీ?"

"గ్రూపులో ఉన్నాడంటే అంతేగా," అని ఆయన కోటు తీసుకుని, వీధి అటూ ఇటూ చూసి మెట్లు దిగాడు.