రెండు తొనలు

గంజి కాచాలి. మాత్రలు పొడి చెయ్యాలి. మామ్మగారి కాళ్లకు తైలం రాయాలి, చాప దులపాలి, చేపలో ముళ్లు ఏరాలి. సాయంత్రం ఆరింటికి మామ్మగారి కోడలు వింగ్-షాన్ ఆఫీసు నుంచి కొత్త కాంట్రాక్టు కాగితాలు తెచ్చేలోపు ఒక మాట నోటికి రావాలి: "నాకు ఉండడం ఇష్టం లేదు."

సుమార్నికి నలభై ఆరేళ్లు. మోకాళ్లు అరిగిపోయాయి. సబ్బునీళ్లకు వేళ్ల కొసలు తెల్లగా ముడతలు పడ్డాయి. జావాలో తాను కట్టించుకున్న ఇంట్లో ఇంతవరకు ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. పదకొండేళ్లుగా హాంకాంగ్‌లో, షాంషుయ్‌పోలోని ఈ పదిహేడో అంతస్తులో, వంటింటి గోడకు ఆనించిన మడతమంచమే ఆమె చోటు. వచ్చేముందు ఇళ్లలో పనికి పంపే ఏజెన్సీ వాళ్లు ఇక్కడి కాంటనీస్ భాష నేర్పుతూ ఏ ప్రశ్నకైనా ఒకటే జవాబు వల్లె వేయించారు: "పరవాలేదండి, మీ ఇష్టం." మిగతా భాషంతా యిప్ మామ్మగారు చెంచాతో నేర్పింది. తన గిన్నెలోంచి ఒక చెంచా సుమార్ని నోట్లో పెట్టి, ఎలా ఉందో చెప్పేదాకా తాను తినేది కాదు.

"చెప్పు," అంది ఈ పూట కూడా గంజి చెంచా నోట్లో పెట్టి.

"బాగుందండి."

"ఆ బాగుంది మా కోడలికి చెప్పుకో. నాకు నిజం చెప్పు."

"చప్పగా ఏడ్చింది మామ్మగారూ."

"అదీ. ఇప్పుడు సాయంత్రం మాట అను."

"నాకు... ఉండడం... మీరెలా అంటే అలాగే."

"నీ మొహం. సంతకం పెట్టేది నువ్వా, నేనా? సరే, తేలికది అడుగుతా. తిండిలో నీకేం ఇష్టం?"

ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు. సుమార్ని నేల చూపులు చూస్తూ అంది, "దురియన్ పండు." పనసలా తొనలుండే ఆ పండు వాసన ఇల్లంతా పట్టేస్తుంది.

ముసలావిడ బోసినోటితో చాలాసేపు నవ్వింది. "ఆ కంపంటే నాకూ ప్రాణమే పిల్లా. కోడలికి గిట్టదని ఇరవయ్యేళ్లు నోరు కట్టుకున్నాను. పో, రెండు తొనలు పట్రా. నీకొకటి, నాకొకటి."

దారంతా సుమార్ని సాయంత్రం అనాల్సిన మాటే అనుకుంటూ నడిచింది. తిరిగొచ్చేటప్పుడు లిఫ్టులో అది తడబడకుండా వచ్చింది.

తలుపు తీసేసరికి మామ్మగారు కుర్చీలో తల ఒక పక్కకు వాల్చి ఉంది. చెయ్యి వెచ్చగానే ఉంది. ఊపిరి లేదు.

డాక్టరు వచ్చి వెళ్లాడు. శవాన్ని తీసుకెళ్లారు. ఆఫీసు నుంచి వచ్చిన వింగ్-షాన్ ఏడ్చి, కళ్లు తుడుచుకుని, ముక్కు మూసుకుంది.

"ఏంటీ కంపు?"

"మామ్మగారికి ఇష్టమండి."

"అత్తయ్యకా? ఎప్పుడూ అనలేదే." సుమార్ని చెయ్యి పట్టుకుంది. "మార్నీ, ఇక మా అమ్మని ఇక్కడికి తెచ్చుకుంటాను. నువ్వు ఉంటావుగా?"

మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"పరవాలేదండి. మీ ఇష్టం."

ఎక్కడైనా ఎవరైనా మీతో ఈ మాటంటే, సుమార్నిని ఒక్కసారి తలుచుకోండి. బల్లమీద విప్పని పొట్లంలో రెండు తొనలు. పక్కనే మామ్మగారి చెంచా.