రెండు ప్లగ్గుల తీగ

తుఫాను వెళ్లి పదకొండు రోజులైనా ఫిలిప్పీన్స్‌లోని కతందువానెస్ దీవి తూర్పు ఒడ్డున ఉన్న ఆ ఊరికి కరెంటు రాలేదు. సగం స్తంభాలు ఇంకా అరటితోటల్లోనే పడి ఉన్నాయి. అయినా ఆ ఉదయం తోమో మంచి హుషారు మీద ఉన్నాడు. మనీలాలో ఉంటున్న బావమరిది పంపిన జనరేటరు పడవలో దిగింది.

నలభై ఏళ్లు చేపల లాంచీల్లో ఇంజను చూసుకున్న మనిషి. ఇంజను గురించి ఇంకొకరు చెప్పబోతే అతనికి ఒళ్లు మండుతుంది. పెట్టెలో వచ్చిన పుస్తకాన్ని మడిచి, ఊగుతున్న భోజనాల బల్ల కాలి కింద దూర్చాడు.

"అందులో ఏం రాశారో ఒక్కసారి చూడొచ్చుగా?" అంది భార్య పిలీతా.

"ఇంజను భాష నాకొచ్చు. ఈ పుస్తకాలు రాసేవాళ్లకి రాదు." ఊరంతటికీ అతను చెప్పుకునే మాటే ఇది.

బయట జల్లు పడుతోందని యంత్రాన్ని వంటింట్లోనే పెట్టి తిప్పాడు. పది నిమిషాలు కాకముందే ఇద్దరికీ తల దిమ్మెక్కింది. పిలీతా చటుక్కున ఇంజను ఆపి, మొగుణ్ణి చొక్కా పట్టుకుని పెరట్లోకి లాక్కొచ్చింది.

"లాంచీలో నీ నెత్తిన ఆకాశం ఉండేది, ముసలోడా! నా వంటింటికి ఉన్నది ఒక్క కిటికీ. ఆ పొగకి మనం పోతే, తలనొప్పి వచ్చిందని చెప్పడానికి కూడా ఎవరూ మిగలరు."

తోమో యంత్రాన్ని బయటికి మోసుకొచ్చాడు. ఇంటికి ఇరవై అడుగుల అవతల, పందుల దొడ్డి పక్కన నాలుగు గుంజలు పాతి రేకు కప్పాడు. పొగగొట్టాన్ని సముద్రం వైపు తిప్పి పెట్టాడు. ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ ఇంట్లోకి కరెంటు తేవడానికి అతనికో గొప్ప ఉపాయం తట్టింది. రెండు కొనలకూ ప్లగ్గులు బిగించి ఒక తీగ తయారుచేశాడు. ఒక కొన జనరేటరులో, రెండోది గోడ సాకెట్లో. ఇల్లంతా ఒక్క దెబ్బతో వెలిగిపోతుంది.

పక్కింటి సాబెల్ టీచరమ్మ అప్పటికే ఇన్సులిన్ సీసాలున్న డబ్బా చంకన పెట్టుకుని వచ్చి కూర్చుంది. "ఐసంతా కరిగిపోయింది తోమో. ఇక నీ ఫ్రిజ్జే నాకు దిక్కు."

"అన్నం తినేలోగా చల్లబడిపోతుంది మనాయ్. చూస్తూ ఉండు." తనకన్నా పెద్దదని ఆవిణ్ణి అతను మనాయ్, అంటే అక్కా, అనే పిలుస్తాడు.

సరిగ్గా భోజనం వేళకు అర్నెల్ వచ్చాడు. పిలీతా చెల్లెలి కొడుకు, కరెంటు లైన్‌మాన్. వారం రోజులుగా ఆ వీధి స్తంభాలే నిలబెడుతున్నాడు. కొబ్బరిపాల చేపకూరలో అన్నం కలుపుకుంటూ, బల్ల మీద చుట్టి ఉన్న తీగను చూశాడు.

"ఇదెవరు చేశారు తియో?" అని పెదనాన్నని అడిగాడు.

"ఎవరు చేస్తారు? మీ తియోనే. ఎలా ఉంది?"

అర్నెల్ నవ్వలేదు. పళ్లెం పక్కకి జరిపాడు. "ఇప్పుడు తిని లేచి నేను ఎక్కబోయేది మీ ఇంటి ముందు స్తంభమే."

"అయితే?"

"దీన్ని గోడకి పెడితే కరెంటు మీ ఇంట్లో ఆగదు. మీటరు దాటి వీధి లైనులోకి పోతుంది. వీధి మూలనున్న ట్రాన్స్‌ఫార్మరు దాన్ని వేల వోల్టులు చేసి పైకి పంపిస్తుంది. లైను పరీక్షించుకునే ఎక్కుతాం, నిజమే. కానీ నేను ఎక్కాక నువ్వు ఇంజను తిప్పావనుకో?"

తోమో చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఈ అర్నెల్‌కి పాలపళ్లున్నప్పుడు చేపముళ్లు తీసి తినిపించింది తనే.

"పైగా గోడలోంచి ఊడొచ్చిందంటే, ఆ ప్లగ్గు పళ్లు ముట్టుకున్నోళ్ల పనీ అంతే," అన్నాడు అర్నెల్ మెల్లగా.

తోమో లేచి, పిలీతా చేపలు కోసే కత్తెర తెచ్చి, రెండు ప్లగ్గుల్నీ తెగ్గోశాడు.  పిలీతా అర్నెల్ పళ్లెం మళ్లీ ముందుకి జరిపి కూర వడ్డించింది.

"పుస్తకం వచ్చి ఉండాలే?" అన్నాడు అర్నెల్.

తోమో, పిలీతా ఇద్దరూ బల్ల కిందికి చూశారు.

పుస్తకం లాగేసరికి బల్ల ఒరిగి కూర తోమో ఒళ్లో పడింది. టీచరమ్మ పకపకా నవ్వింది. "ఇంజను భాష వచ్చినాయనకి కూర భాష రానట్టుందే!"

అర్నెల్ తన బండిలోంచి బయట వాడే లావుపాటి తీగ తెచ్చిచ్చాడు. దాని ఒక కొన జనరేటరుకి తగిలించి, రెండో కొననున్న సాకెట్లలో నేరుగా సామాన్లే పెట్టారు. ముందు ఫ్రిజ్జు. అది నిలదొక్కుకున్నాక రెండు దీపాలు, ఒక ఫ్యాను. అన్నం కుక్కరు పెట్టాలంటే ఫ్యాను ఆపాలి. పుస్తకం రెండుసార్లు చదివిన తోమోకి ఆ సాయంత్రం నుంచి పట్టపగ్గాల్లేవు. ఇస్త్రీపెట్టె తెచ్చిన పొరుగావిణ్ణి వెనక్కి పంపాడు. పాటల పెట్టె తెచ్చిన వాళ్లకి వాట్ల లెక్క చెప్పి విసిగించాడు. పెట్రోలు పోసే ముందు ఇంజను ఆపి, చల్లారేదాకా పక్కనే కాపలా కూర్చునేవాడు.

"మేనేజరుగారూ, ఫోను చార్జింగుకి అర్జీ ఎక్కడ పెట్టుకోవాలండీ?" అనేది పిలీతా.

"వరసలో నిలబడు."

నాలుగో రోజు మధ్యాహ్నం వీధంతా ఒక్కసారి కేక వేసింది. కరెంటొచ్చింది. తోమో పెరట్లోకెళ్లి జనరేటరు ఆపాడు. ఇక పెట్రోలు పోసే పని లేకపోయినా, చల్లారేదాకా పక్కనే కూర్చున్నాడు. నిజం చెప్పాలంటే అతనికి కొంచెం దిగులేసింది.

టీచరమ్మ సీసాల డబ్బా తీసుకుంటూ, అతని మొహం చూసి గుమ్మంలో ఆగింది. "మా ఇంట్లో ఫ్రిజ్జు పనిచేస్తోందిలే. కానీ రెండు సీసాలు ఇక్కడే ఉంచనా? మీ ఇంట్లో మందు బాగా చల్లగా ఉంటోంది."

"ఉంచు మనాయ్, ఉంచు," అన్నాడు తోమో, పిలీతా వైపు చూడకుండా.